బాడిశకు పింఛను

నెలజీతగాళ్లం మనకు ముసలితనం కోసం జీతంలోనే కొంత కోసి దాస్తారు. కోటబొమ్మాళిలో మా గుమ్మాలు చేసిన వడ్రంగికి ఆ భాగ్యమేదీ?

"నా బాడిశకెవరిస్తారు మేష్టారూ పింఛను?" అన్నాడు.

2015లో అటల్ పింఛను వచ్చింది. 60వ ఏటినుంచి నెలకు 5,000 రావాలంటే 18 ఏళ్లవాడు నెలకు 210 రూపాయలు కడితే చాలు; 40 ఏళ్లవాడు 1,454 కట్టాలి. ఆపైన తలుపు మూతే. ఇతనికి 43!

మిగిలింది పోస్టాఫీసులో పబ్లిక్ ప్రావిడెంటు ఫండు. పదిహేనేళ్ల గడువు. ఏడాదికి 500 తగ్గకూడదు గాని నెలనెలా కట్టాలని నిర్బంధం లేదు. పనుల్లేని ఆషాఢంలో మానెయ్యవచ్చు, చేతినిండా పనున్నప్పుడు వెయ్యవచ్చు. అప్పిచ్చినవాడు కోర్టులో డిక్రీ తెచ్చుకున్నా అది జప్తు కాదు. నాకు బాగా నచ్చిందదే.

"మరి పిల్ల పెళ్లికో?"

ఏడో ఏటినుంచి కొంత తీసుకోవచ్చన్నాను. పుస్తకం తెరిచాడు. పద్దెనిమిది నిండిన కొడుకుని అటల్‌లో చేర్పించాడు.

"నాకు అరవయ్యేసరికి అయిదువేలకు బియ్యమెన్నొస్తాయి మేష్టారూ?" అన్నాడా కుర్రాడు.