ఎక్స్-10 కార్డు: కొన్ని డైరీ పుటలు

2024 జూలై 14, ఆదివారం. నల్లగొండ

లైబ్రరీలో ఒకటే ఉక్క. ఫ్యాన్ల కింది కుర్చీలన్నీ పొద్దున ఏడింటికే సంచులు పరుచుకుని కూర్చున్నాయి, మనుషులు తర్వాత వచ్చారు. గురువారం నుంచి డీఎస్సీ పరీక్షలు. 11,062 టీచర్ పోస్టులు. ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు.

నా చోటు పేపర్ల బల్ల చివర. రిటైరై ఏడేళ్లయింది. ఉపాధి కల్పన శాఖలో ముప్ఫై మూడేళ్లు పనిచేశానని ఎవరు చెప్పారో ఏమో, పేపరు సగం చదివేలోగా పక్కన ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు.

ఇవాళ వచ్చినతనిది దేవరకొండ దిక్కు. 34 ఏళ్లు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేసిన ఎక్స్-10 కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. 2006. కింద నా సంతకం.

"పదో తరగతి మెమో వచ్చిన తెల్లారే మా నాయిన బస్సెక్కించిండు సార్. మీరే రాసిచ్చిన్రు."

నాకు గుర్తులేదు. ఎట్లా గుర్తుంటుంది? ఏటా ఫలితాలొచ్చిన వారమంతా లైను గేటు దాటేది.

"దీన్ని మళ్ల రెన్యువల్ చేయిస్తే ఏమన్న ఫాయిదా ఉంటదా?"

ఉండదు అనడానికి నోరు రాలేదు. టీ తాగుదాం పద అన్నాను.

అదే రోజు, రాత్రి

నిద్ర పట్టక రాస్తున్నాను. ఆ కార్డుకు ఒకప్పుడు విలువ ఉండేది. ఖాళీ వస్తే ఆఫీసులు మాకు కబురు పెట్టేవి, మేము సీనియారిటీ చూసి పేర్లు పంపేవాళ్లం. మా జాబితాలో లేనివాడికి ఇంటర్వ్యూ కాగితం వచ్చేది కాదు. అందుకే పిల్లలు మెమో అందిన రోజే పరుగెత్తుకొచ్చేవాళ్లు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో సుప్రీంకోర్టు, మా పేర్లతో పాటు పేపర్లో ప్రకటన కూడా ఇవ్వాలి, దరఖాస్తు పెట్టుకున్న అర్హులందరినీ చూడాలి అన్నది. న్యాయమైన తీర్పే. దాంతో తాళంచెవి మా చేతిలోంచి పోయింది.

లైను మాత్రం తగ్గలేదు. మూడేళ్లకోసారి పిల్లలు పల్లెల నుంచి చార్జీలు పెట్టుకుని వచ్చేవాళ్లు, నేను ముద్ర కొట్టేవాణ్ణి. "దీన్ని నమ్ముకుని కూర్చోకు బిడ్డా" అని ఎంతమందికి చెప్పాను? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2006లో ఆ పిల్లవాడికి చెప్పలేదు. పదేళ్ల ముందే తెలిసిన సంగతి అది.

జూలై 21, ఆదివారం

గ్రూప్-2 మళ్లీ వాయిదా. నోటిఫికేషన్ 2022 డిసెంబరు 29న వచ్చింది, 783 పోస్టులు. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు, తర్వాత నవంబరు 2, 3, తర్వాత 2024 జనవరి 6, 7, ఆ తర్వాత ఆగస్టు 7, 8. ఇప్పుడు డిసెంబరట. వాయిదా వేయమని కొట్లాడినవాళ్లూ పిల్లలే, వేసినందుకు ఏడ్చేవాళ్లూ పిల్లలే. కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో తీసుకున్న రూం కిరాయి మాత్రం ఏ నెలా వాయిదా పడదు. ఐదు రూపాయల భోజనంతో పగలు గడుస్తుంది, రాత్రి మాటేమిటి?

దేవరకొండ అతను సంతోషంగా ఉన్నాడు. "మంచిగయింది సార్, చదువుకోను టైం దొరికింది. వయసు గూడ 46 జేసిన్రు గద, నాకింక పన్నెండేండ్లున్నయి."

ఫిబ్రవరిలో గరిష్ఠ వయసు పెంచిన ఆ జీవో వచ్చినప్పుడు నేనూ మంచిదే అనుకున్నాను. ఇతని నోట పన్నెండేళ్లన్న మాట వినేసరికి గుండె జారింది.

ఒక కాగితం ఇచ్చి, ఇంటర్ తర్వాత ఇప్పటిదాకా చేతులతో చేసిన పనులన్నీ రాయమన్నాను. చాలాసేపు పెన్ను కదలలేదు. "ఉద్యోగం జేయలే సార్." ఉద్యోగాలు కాదు, పనులు రాయి అన్నాను. పెండ్లిళ్లలో క్యాటరింగ్. జిన్నింగ్ మిల్లులో రెండు సీజన్లు కాంటా దగ్గర రాత. మీసేవలో రెండేళ్లు. మీసేవలో ఏం చేసేవాడివి అని అడిగితే ఊపందుకున్నాడు: కుల, ఆదాయ పత్రాలు, పహాణీ నకళ్లు, ఆధార్‌లో పేరు తప్పు పడితే ముందు ఏ కాగితం సరిచేయించాలి, ఏ దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది. అరగంట చెప్పాడు. చెప్పిందంతా అక్కరకొచ్చేదే.

చివరికి, "అవన్ని పనులా సార్" అన్నాడు.

ఆ కాగితం కింద ఒక తారీఖు వేయమన్నాను. అప్పటిదాకా పరీక్షలు, ఆ తెల్లారి నుంచి వేరే పని. వేయలేదు. కాగితం మడిచి కార్డు ఉన్న కవర్లోనే పెట్టుకుని పోయాడు.

ఆగస్టు 4. మహబూబ్‌నగర్

బిడ్డ ఇంటికొచ్చాను. అల్లుడు పేపరు చేతికిచ్చి, "మామా, మీ పిల్లలకు జాబ్ క్యాలెండర్ వచ్చింది" అన్నాడు. మొన్న శుక్రవారం అసెంబ్లీలో పెట్టారు. మంచిదే. తారీఖు తెలిస్తే మనిషి కొంత ఆగగలడు.

సాయంత్రం పక్కింటివాళ్లు కోయిలకొండ పిల్లవాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. తల్లిదండ్రులు బొంబాయిలో మట్టిపనికి పోయినవాళ్లు. ఒకటి నుంచి నాలుగు దాకా అక్కడ మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివాడు, ఐదు నుంచి ఊళ్లోనే. జిల్లా పోస్టు కోసం రెండేళ్లుగా చదువుతున్నాడు. బోనఫైడ్‌లు తీసి చూశావా అంటే, అవి సెలెక్షన్ అయినంక గదా అన్నాడు.

అక్కడే ఉంది చిక్కు. పాత పద్ధతిలో నాలుగు నుంచి పది దాకా చూసేవాళ్లు, ఆ లెక్కన ఇతను లోకల్. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో ఒకటి నుంచి ఏడు దాకా చూస్తున్నారు. ఏడేళ్లలో నాలుగు బొంబాయిలో పోయాయి. పుట్టింది ఇక్కడ, రేషన్ కార్డు ఇక్కడ, ఓటు ఇక్కడ, ఉద్యోగానికి మాత్రం నాన్‌లోకల్. 95 శాతం పోస్టులు లోకల్ వాళ్లకు పోగా మిగిలిన ఐదులో అందరితో కలబడాలి. చెబితే పిల్లవాడు తల దించుకున్నాడు. తల్లి, "బత్కవోతిమి సారూ, గది గూడ తప్పేనా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. పెద్ద పరీక్షలకు దిగే ముందు బడి కాగితాలు తెచ్చుకోమని ఈ జిల్లాలో ప్రతి ఇంటి ముందూ డప్పు వేయించాలనిపించింది.

పాలమూరుకు మా ఆఫీసులు పుట్టకముందే దారి చూపేవాడు ఒకడుండేవాడు, గుంపు మేస్త్రీ. ఎక్కడ కట్ట పోస్తున్నారు, ఎక్కడ కాలువ తవ్వుతున్నారు, అన్నీ అతనికి తెలుసు. బయానా చేతిలో పెట్టి లారీ ఎక్కించేవాడు. నాగార్జునసాగర్ దగ్గర మట్టి మోసిన తట్టల్లో పాలమూరు తట్టలెన్నో. ఆ బయానా అప్పయి మెడకు చుట్టుకునేది, తీరేదాకా వదిలేవాడు కాదు. అతన్ని పొగడను. కానీ ఒక్క విషయంలో నాకంటే నయం. పని ఉంటేనే పిలిచేవాడు.

సెప్టెంబరు 8. నల్లగొండ

నిన్న చవితి. మిర్యాలగూడ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, టికెట్టు వాళ్లదే, ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లో అయిపోయిందట. ఇట్లాంటి మాటలు నమ్మి పోయినవాళ్లను కంబోడియా, మయన్మార్ తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన కథలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. విజిట్ వీసా మీద పనికి పోవద్దు, ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకో, సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి అడగరాదు, బయటి దేశమే కావాలంటే ప్రభుత్వానిదే టామ్‌కామ్ ఉంది అని చెప్పాను.

రాత్రి మళ్లీ ఫోన్. "లైసెన్సు నంబరడిగిన సార్. బ్లాక్ జేసిండు."

అక్టోబరు 6

వీధిలో బతుకమ్మ పాటలు. చిట్యాల నుంచి తల్లీబిడ్డలు వచ్చారు. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ. చౌటుప్పల్ దిక్కున ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ట్రైనీగా రమ్మన్నది. తల్లికి ఇష్టం లేదు. "రాత్రి డ్యూటీలంట సారూ. గవుర్మెంటు నౌకరైతే సంబంధం మంచిదొస్తది."

ఆమెతో వాదించలేదు. కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుంది, రాత్రి షిఫ్టులో ఆడపిల్లలు ఎందరుంటారు, పీఎఫ్ మొదటి నెల నుంచే కడతారా, ఈ మూడూ తెలుసుకుని రమ్మన్నాను. అమ్మాయి లేచి నిలబడి, "బస్సు మా ఊరి స్టేజీ దాక వస్తది. పన్నెండు మందిమి. పీఎఫ్ ఉంది" అన్నది. అన్నీ ముందే కనుక్కున్నది! ఒక ఏడాది ల్యాబ్‌లో పనిచేసి వస్తే, ఎక్కడికి పోయినా బీఎస్సీ అనే మాట కంటే ముందు ఆ ఏడాది మాట్లాడుతుంది బిడ్డా అన్నాను. "గ్రూప్-2 గూడ రాస్త సార్." రాయి, ఎవరొద్దన్నారు?

తమ్ముడు ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాడట. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ 1995 నుంచి ఊరి పిల్లలకు పనులు నేర్పిస్తున్నది, అక్కడే ఉండి నేర్చుకోవచ్చు. కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితాన్ని తల్లి భద్రంగా కొంగున ముడేసుకున్నది.

నవంబరు 17

గ్రూప్-3 మొదటి రోజు. సెంటరు గేటు మూసేశాక ఒక పిల్ల రోడ్డు మీదే కూలబడింది. పక్కన నీళ్ల సీసా. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

డిసెంబరు 16, సోమవారం

గ్రూప్-2 ఇవాళ్టితో అయిపోయింది, నాలుగు పేపర్లూ. సాయంత్రం దేవరకొండ అతను ఫోన్ చేశాడు. మధ్యలో కుటుంబ సర్వే ఫారాలు కంప్యూటర్లో ఎక్కించే పనికి పోయాడట, పొద్దున పోతే చీకటి పడ్డాక రావడం. "మండలాఫీసుల నా అంత జల్ది ఎవలు ఎక్కియ్యలే సార్" అన్నాడు. ఐదు నెలల్లో ఆ గొంతులో గర్వం వినడం ఇదే మొదలు.

"పరీక్ష?"

"రాసిన. అయితదనిపిస్తలేదు."

ఇద్దరమూ కాసేపు ఊరుకున్నాం. మీసేవ ఓనరు జనవరి నుంచి రమ్మంటున్నాడట. ఏమన్నావని అడగలేదు. తనే అన్నాడు: "ఆ తారీఖు కాయితం నా తాన్నే ఉంది సార్. ఉగాది అని రాస్త."

ఫోన్ పెట్టేసి క్యాలెండర్ తిప్పి చూశాను. వచ్చే ఉగాది మార్చి 30, ఆదివారం.