పెరిగే కాలు, ఇరుకు బూటు

పిల్లలకి బూట్లు కొనేటప్పుడు తెలుగు ఇళ్లలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "పెరిగే కాలు కదా, ఒక సైజు పెద్దదే తీసుకుందాం." జూన్‌లో బడికని కొన్న బూటు ముందు భాగంలో దూది కుక్కి, ఏడాది పొడుగునా లాగించిన తరాలున్నాయి. బడి బూటు విషయంలో ఇందులో తప్పేమీ లేదు. ఐస్ హాకీ స్కేట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ పొదుపు అడ్డం తిరుగుతుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు బాగా ఎక్కువ. డాలస్ స్టార్స్ ఐస్ హాకీ జట్టు సాధన చేసే రింక్ కూడా ఆ ఊళ్లోనే ఉంది. అక్కడైనా, టొరంటో శివార్లలోనైనా మనవాళ్ల పిల్లలు హాకీ నేర్చుకుంటామంటే మొదటి పేచీ దుకాణంలోనే మొదలవుతుంది. అబ్బాయి బూటు సైజు నాలుగంటే దుకాణం మనిషి మూడో, రెండున్నరో తెచ్చి ముందు పెడతాడు. తండ్రి ఐదు ఉందా అని అడుగుతాడు.

న్యాయం దుకాణం మనిషి వైపే ఉంది. హాకీ స్కేటు సైజు సాధారణంగా బయట వేసుకునే బూటు కన్నా ఒకటి నుంచి ఒకటిన్నర తక్కువ ఉంటుంది. లేసు కట్టుకుని నిటారుగా నిలబడితే బొటనవేలు ముందున్న గట్టి డిప్పకి తాకీ తాకనట్టుండాలి. మోకాళ్లు వంచి ఆడే భంగిమలోకి వస్తే మడమ వెనక్కి సర్దుకుని, వేలు ఆ డిప్పని వదిలెయ్యాలి. మడమ మాత్రం ఎలా వంగినా పైకి లేవకూడదు. ఆటగాడు నిలబడేది సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు రేకు మీద. కాలు బూటు లోపల కాస్త ఆడిందంటే, తిరగాల్సిన చోట ముందు కాలు తిరుగుతుంది, ఉక్కు ఆలోచించుకుని తర్వాత తిరుగుతుంది. అప్పుడు లేసు బిగించి సరిపెడదామని చూస్తారు. పాదం పైభాగం నొక్కుకుపోయి తిమ్మిరెక్కడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. "మావాడికి చీలమండలు బలహీనం" అని తల్లిదండ్రులు బాధపడుతుంటారు గానీ, చాలాసార్లు ఆ నింద పడాల్సింది బూటు సైజు మీద.

పొడవు ఒక్కటే చూస్తే సరిపోదు. పాదం వెడల్పు, ఎత్తు కూడా లెక్కే. అందుకే బావర్ కంపెనీ ఒకే సైజులో ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని మూడు రకాలు అమ్ముతోంది: సన్నపాదానికి ఒకటి, నడిమి రకానికి ఒకటి, నిండు పాదానికి ఒకటి. చెప్పుల్లో, ఒట్టి కాళ్లతో పెరిగిన పాదం వేళ్ల దగ్గర విచ్చుకుని ఉంటుంది కాబట్టి మనవాళ్లు ఈ చివరి రెండూ వేసి చూడటం మంచిది. లోతు చూడటానికి దుకాణాల్లో ఒక చిట్కా ఉంది. లేసు వెయ్యకుండా బూటు తొడిగి, పైనుంచి మూడో జత కన్నాల మీద పెన్సిల్ అడ్డంగా పెడతారు. పెన్సిల్ రెండు అంచుల మీదా కదలకుండా కూర్చుంటే సరే. పాదం మీద ఆని ఊగుతుంటే ఆ బూటుకి లోతు చాలదు.

సాక్సు పలచగా ఉండాలి. చలి కదా అని ఉన్ని సాక్సు వేస్తే పాదానికి, బూటుకి మధ్య మెత్తని పరుపు పరిచినట్టే. 1970లో బోస్టన్ బ్రూయిన్స్‌కి ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ తెచ్చిపెట్టిన గోలు కొట్టి, గాల్లోకి ఎగిరిన బాబీ ఆర్ ఫోటో హాకీ లోకమంతా ఎరుగును. ఆ మహానుభావుడు స్కేట్లలో అసలు సాక్సే వేసుకునేవాడు కాదు. అందరూ అంత దూరం వెళ్లక్కర్లేదు, బొబ్బలెక్కుతాయి.

ఇక ధర. పెద్ద కంపెనీల పై రకం స్కేట్లు 1,000 డాలర్లు దాటిపోయాయి. డబ్బున్నవాళ్లు నేర్చుకునే మొదటి నెలలోనే అవి కొనేస్తుంటారు. పని చెడేది అక్కడే. ఆ బూట్లు గట్టిగా ఉండేది గంటకి 30, 40 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తి, ఒక్క వేటులో ఆగే బరువైన మనుషుల కోసం. కొత్తగా నేర్చుకునేవాడి కాలికి అవి వంగవు. మోకాలు వంగకపోతే హాకీయే లేదు. నడిమి రకం కొనుక్కుని, మిగిలిన డబ్బు శిక్షణకు పెట్టుకున్నవాడే తెలివైనవాడు. పెరిగే పిల్లలకైతే వాడిన స్కేట్లే మేలు. వాటిలో చూడాల్సినవి రెండు: చీలమండ దగ్గర చేత్తో నొక్కితే బూటు మెత్తగా కూలిపోకూడదు, పక్క నుంచి చూస్తే బ్లేడు ఉక్కు ముందూ వెనకా సమానమైన ఎత్తులో, ఇంకా అరిగే వీలున్నంత మిగిలి ఉండాలి.

కొన్నాక బూటుని కాలుస్తారు. నిజంగానే. దుకాణంలో ఇందుకోసమే ఉన్న ఓవెన్‌లో సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే లోపలి పొరలు మెత్తబడతాయి. వెంటనే కాలు దూర్చి లేసు కట్టి, మోకాళ్లు వంచి పావుగంట కూర్చోవాలి. లేవకూడదు, నడవకూడదు. లేసుని పైకి లాగితే మెత్తబడ్డ కన్నాలు ఊడొస్తాయి, అందుకని పక్కలకే లాగాలి. చల్లారేసరికి బూటు ఆ కాలి ఆకారం పట్టుకుంటుంది. ఆ రోజుకి దాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. ఇంట్లో కేకులు చేసే ఓవెన్‌తో ఈ పని కానిద్దామనే ఉత్సాహవంతులు ఉంటారు. జిగురు కరిగి అడుగు ఊడిపోయిన బూటుకి వారంటీ రాదు.

కొత్త స్కేటుతో తిన్నగా మంచు మీదికి దిగితే కిందపడటం ఖాయం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే బ్లేడుకి పదును ఉండదు. హాకీ బ్లేడుకి ఉండేవి రెండు అంచులు, వాటి మధ్య పొడవునా ఒక గాడి. సాన చక్రం అంచుని వజ్రపు మొనతో ఫలానా వ్యాసార్ధానికి గుండ్రంగా చెక్కి, దాని మీద బ్లేడుని నిలువునా నడిపిస్తే ఆ గాడి పడుతుంది. ఎక్కువమందికి చెప్పే లెక్క అర అంగుళం. అంకె తగ్గేకొద్దీ గాడి లోతవుతుంది, అంచులు మంచుని గట్టిగా కరుస్తాయి. మలుపు బాగా కుదురుతుంది గానీ ఆగడం కష్టం, జారుడు మందం. 5/8 అంగుళం అంటే గాడి కాస్త పలచన, బరువైనవాళ్లకి హాయి. బక్కపిల్లల బరువుకి అంచు దిగబడదు కాబట్టి 3/8 వైపు వెళ్తారు. సాన పట్టాక రెండంచులూ సమానంగా ఉన్నాయా అని చూడటానికి బ్లేడు తిరగేసి, అంచుల మీద ఒక నాణెం అడ్డంగా నిలబెట్టి ఒక కొస నుంచి చూస్తారు. నాణెం ఒక పక్కకి వాలిందంటే పని చెడిందన్నమాట. ఒక అంచు ఎత్తుగా ఉన్న స్కేటుతో ఆడినవాడు ఎడమకి బాగా తిరుగుతూ, కుడికి తిరగబోయి పడుతూ, తప్పు తనదేననుకుంటాడు.

ఆట అవగానే ఉక్కుని పొడిగుడ్డతో తుడవాలి. నడవడానికి వేసే గట్టి ప్లాస్టిక్ తొడుగులు సంచిలో పెట్టేటప్పుడు తీసెయ్యాలి, లేకపోతే లోపలి తడికి తెల్లారేసరికి తుప్పు. సంచిలోకి బట్ట తొడుగులు వేరే ఉంటాయి.

ఈ హంగులన్నీ లేనిచోట కూడా హాకీ పుట్టింది. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున లద్దాఖ్‌లోని లేహ్‌లో చెరువులు గడ్డకడితే సైనికులు, స్థానిక కుర్రాళ్లు మిలటరీ బూట్ల అడుగున ఇనప బ్లేడ్లు బిగించుకుని ఆడేవారు. ఓవెన్ లేదు, ఫిట్ 1 లేదు, దొరికిన బూటే సైజు. తర్వాత విదేశాల నుంచి విరాళంగా పాత సామాను రావడం మొదలైంది. కెనడాకి నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిపెట్టిన హేలీ వికెన్‌హైజర్ 2018లో సామాను మోసుకుని లేహ్ వెళ్లి అక్కడి ఆడపిల్లలతో ఆడింది. ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలే ఉన్న భారత మహిళల జట్టు 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్పులో కాంస్యం తెచ్చింది.

స్టిక్ దగ్గరికి వస్తే మన హాకీ తెలిసినవాళ్లకి మొదటి ఆశ్చర్యం అక్కడే. ధ్యాన్‌చంద్ ఆడిన గడ్డి హాకీలో స్టిక్‌కి బల్లపరుపు ముఖం ఒక్కటే, అదీ కుడిచేతి వాటానికే. ఎడమచేతి స్టిక్ అనేదే ఆ ఆటలో చెల్లదు. ఐస్ హాకీలో కుడి, ఎడమ రెండూ ఉన్నాయి. విచిత్రమేమంటే, కుడిచేతి వాటం వాళ్లని కూడా చాలామంది కోచ్‌లు ఎడమ స్టిక్ పట్టమంటారు. ఒంటిచేత్తో స్టిక్ ఆడించాల్సి వచ్చినప్పుడు పైన ఉండేది బలమైన చెయ్యి కావాలని వాళ్ల వాదన. కెనడా దుకాణాల్లో ఎడమ స్టిక్కులే ఎక్కువ కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచి క్రికెట్ బ్యాటు పట్టిన కుర్రాడికి ఎడమ చెయ్యి పైన ఉండటం అలవాటు కాబట్టి వాడి చెయ్యి తిన్నగా కుడి స్టిక్ మీదికే పోతుంది. ఈ ఒక్క విషయంలో కోచ్ మాట కన్నా పిల్లవాడి చేతి మాట వినడమే మంచిది.

పొడవు చూడటం తేలిక. ఒట్టి కాళ్లతో నిలబడితే ముక్కు దాకా, స్కేట్ల మీద నిలబడితే గడ్డం దాకా. మిగిలింది రంపంతో కొయ్యాలి. ఎన్‌హెచ్ఎల్‌లో కర్ర పొడవు 63 అంగుళాలు దాటకూడదు. 6 అడుగుల 9 అంగుళాల జడెనో చారాకి మాత్రం 65 అంగుళాల దాకా సడలింపు ఇచ్చారు. 2012 ఆల్‌స్టార్ పోటీలో గంటకి 108.8 మైళ్ల వేగంతో పక్‌ని (బంతికి బదులు ఆడే బిళ్లని) కొట్టింది అతనే.

చిక్కంతా ఫ్లెక్స్‌తో. కర్రని ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ అంకె కర్ర మీద రాసి ఉంటుంది. గట్టిగా కొట్టేటప్పుడు బ్లేడు పక్‌కి కాస్త వెనకనే మంచుకి తగిలి, కర్ర విల్లులా వంగి, విడివడే ఊపులో పక్ దూసుకుపోతుంది. వంగని కర్రతో ఎంత కండబలమూ పనికిరాదు. ఒంటి బరువు పౌండ్లలో ఎంతో అందులో సగం ఫ్లెక్స్ అని మోటు లెక్క. 70 కిలోల మనిషి అంటే 154 పౌండ్లు, కాబట్టి 77. ఇక్కడే ఒక తిరకాసు. కర్ర పొట్టిదవుతున్నకొద్దీ గట్టిపడుతుంది. పొట్టి మనిషి 60 అంగుళాల సీనియర్ స్టిక్ 77 ఫ్లెక్స్‌ది కొని నాలుగు అంగుళాలు కోశాడంటే చేతిలో మిగిలేది 90 దరిదాపుల్లో ఉన్న దుంగ. పొట్టివాళ్లు ఇంటర్మీడియెట్ రకం కొనడానికి సిగ్గుపడకూడదు. కొన్ని కర్రల మీద ఎక్కడ కోస్తే ఎంత ఫ్లెక్స్ అవుతుందో గీతలు పెట్టి ఉంటాయి. రంపం తీసేముందు అవి చదువుకోవాలి.

బ్లేడు వంపుదో పెద్ద కథ. నోవాస్కోషియాలో మిగ్‌మా తెగవాళ్లు చెట్ల వేళ్లతో స్టిక్కులు చెక్కిన కాలం నుంచి 1960ల దాకా బ్లేడు దాదాపు తిన్నగానే ఉండేది. షికాగో ఆటగాడు స్టాన్ మికిటా కర్ర సాధనలో విరిగి వంగిపోయింది. ఆ చిరాకులో దాంతోనే పక్‌ని బలంగా కొడితే అది వింతగా తిరుగుతూ పోయింది. తర్వాత అతనూ, బాబీ హల్ కర్రలని వేడినీళ్లలో నానబెట్టి, తలుపు సందుల్లో ఇరికించి వంచడం మొదలుపెట్టారు. గోలీల ప్రాణం మీదికి రావడంతో లీగ్ 1970లో వంపు అర అంగుళం మించకూడదంది.

ఆ అర అంగుళం ఒక స్టాన్లీ కప్పునే మార్చింది. 1993 ఫైనల్ రెండో ఆటలో లాస్‌ఏంజెలిస్ 2-1తో ముందుంది, మిగిలింది రెండు నిమిషాల లోపే. మాంట్రియల్ కోచ్ జాక్ డెమెర్స్ ఎదుటి జట్టులోని మార్టీ మెక్‌సార్లీ స్టిక్ కొలవమన్నాడు. కొలిచారు, వంపు ఎక్కువ. మెక్‌సార్లీకి రెండు నిమిషాల శిక్ష. మాంట్రియల్ తరఫున ఎరిక్ డెజార్డాన్ స్కోరు సమం చేసి, అదనపు సమయం మొదలైన 51 సెకన్లకి ఆటే గెలిపించాడు. ఆ తర్వాతి మూడు ఆటలూ కూడా మాంట్రియల్‌వే. 2006 తర్వాత లీగ్ హద్దు ముప్పావు అంగుళానికి పెరిగింది. దుకాణంలో ఇప్పుడు వంపులకి అంకెలే పేర్లు. పీ92 అన్నిటికీ పనికొచ్చేది, పీ88 వంపు మధ్యలో ఉండి పాస్‌లకి బాగుంటుంది, పీ28 కొస దగ్గర మెలికతో పక్‌ని ఇట్టే పైకి లేపుతుంది. పక్‌ని నేలబారుగా నడిపించడం రానివాడు పీ28 కొంటే అన్ని షాట్లూ రింక్ చుట్టూ ఉండే అద్దాలకే తగులుతాయి.

బ్లేడుకి, కర్రకి మధ్య కోణం, అంటే లై, సరిపడిందో లేదో చెప్పేది బ్లేడుకి చుట్టిన టేపు. నాలుగు ఆటలయ్యాక టేపు బ్లేడు మడమ వైపే అరిగిపోతే ఆ కోణం మనిషికి మరీ నిలువు అన్నమాట, తక్కువ లై ఉన్నది చూసుకోవాలి. కొస వైపు అరిగితే ఎక్కువది. టేపు మడమ నుంచి కొసకి, ఒక పట్టీ మీద ఇంకో పట్టీ సగం ఎక్కేలా చుట్టి, పైన మైనం రుద్దితే మంచుపొడి అంటుకోదు. కర్ర పై కొసన మూడు నాలుగు చుట్లతో చిన్న బుడిపె కడతారు. గ్లవ్‌లోంచి కర్ర జారిపోకుండా ఆపేది అదే. కర్ర కింద పడ్డప్పుడు మందపాటి గ్లవ్ వేళ్లు దాని కిందికి దూరేలా కొసని కాస్త ఎత్తి ఉంచేది కూడా ఆ బుడిపే.