రాజనాందగావ్ మిల్లు మనుషులు

భిలాయి క్వార్టర్లలో పెరిగిన మా వయసు తెలుగువాళ్ళకి రాజనాందగావ్ అనగానే మొదట గుర్తొచ్చేది దోమతెర. అక్కడి బి.ఎన్.సి. మిల్లులో నేసిన తెర. చేతిలోకి తీసుకుంటే సాలెగూడంత తేలిక, ఎన్ని ఉతుకులు పడినా సాగేది కాదు. సెలవులకి శ్రీకాకుళం వెళ్ళేటప్పుడు అమ్మ ట్రంకుపెట్టె అడుగున రెండు తెరలు మడిచి పెట్టేది. అక్కడ మా అత్త వాటిని విప్పి వేళ్ళ మధ్య నలిపి చూసి, "వదినా, మళ్ళీ వచ్చినప్పుడు నాకూ ఒకటి అట్టుకురా" అనేది.

వాటి కోసమే నాన్నా నేనూ దుర్గ్‌లో ప్యాసింజర్ ఎక్కేవాళ్ళం. శివనాథ్ నది దాటాక కాసేపటికే ఊరు. నాన్న కొనాల్సింది కొనేసి ఊరుకునేవాడు కాదు, షిఫ్టు వదిలే వేళకి మిల్లు గేటు దగ్గర నిలబడేవాడు. బయటికొచ్చేవాళ్ళ జుట్టులో, కనుబొమల మీద, చెవుల మడతల్లో కూడా తెల్లటి దూది నలుసులు. నాన్న ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవాడు, ఆయన ఇంటికొచ్చేది బొగ్గుమసితో. ముక్కూమొహం తెలియని ఆ మనుషుల్ని ఆయన అంత ఇష్టంగా ఎందుకు చూసేవాడో నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలిసిరాలేదు.

ఆ ఊరిని ఏలినవాళ్ళు బైరాగి మహంతులు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మిల్లు వచ్చింది వాళ్ళ చలవతోనే. 1920లో ఠాకూర్ ప్యారేలాల్ సింగ్ ముందు నిలిచి నడిపించగా కార్మికులు నెల దాటి సమ్మె చేశారు. రాజుల కోటలో తర్వాత దిగ్విజయ్ కాలేజీ పెట్టారు. 1958లో అక్కడికి హిందీ పాఠాలు చెప్పడానికి వచ్చినవాడు కవి గజానన్ మాధవ్ ముక్తిబోధ్. రాణీసాగర్ చెరువు పక్కన పాత రాజభవనంలో కాపురం, పైకి చుట్టుమెట్లు. బీడీ వెలిగించుకుంటున్న ఆయన ఫోటో హిందీ చదివినవాళ్ళందరికీ తెలుసు: లోపలికి పోయిన బుగ్గలు, ఎముకల మీద వెలుగు. 1964 సెప్టెంబరు 11న పోయాడు. మొదటి కవితా సంపుటి అదే ఏడు అచ్చయింది, ఆయన కళ్ళ చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

తన రచయితను మరచిపోని ఊళ్ళు లోకంలో అక్కడక్కడా ఉన్నాయి. వైకింగుల దేవతల కథల్ని గ్రంథానికెక్కించిన స్నోరి స్టుర్లుసన్‌ను 1241లో ఐస్‌లాండ్‌లోని రేక్‌హోల్ట్‌లో ఆయన ఇంట్లోనే చంపారు. ఆయన స్నానం చేసిన వేడినీళ్ళ మడుగును ఆ చిన్న ఊరు ఇవాళ్టికీ కాపాడుకుంటోంది. రాజనాందగావ్ కూడా తన కవిని అలాగే దాచుకుంది. ముక్తిబోధ్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అదే ఊళ్ళో ఉన్న రచయితలు పదుమ్‌లాల్ పున్నాలాల్ బక్షీకీ, బల్దేవ్ ప్రసాద్ మిశ్రాకీ అక్కడే చోటిచ్చారు. చాలా మంచి పని.

మిల్లుకి ఆ భాగ్యం దక్కలేదు. 2002లో మూతపడింది. సైరన్ ఆగిపోయింది, గేటు ఎదుట టీ కొట్లూ లేచిపోయాయి. ముక్తిబోధ్ మార్క్సిస్టు, కూలివాళ్ళ పక్షాన కలం పట్టినవాడు. ఆయన ఇంటి దారి అడిగితే ఊళ్ళో ఎవరైనా చూపిస్తారు. దూది నలుసులతో ఇంటికెళ్ళిన వందలమందిలో ఒక్కరి పేరు కూడా ఏ గోడ మీదా నాకు కనబడలేదు. వాళ్ళకీ ఒక గది ఉండాలి. మగ్గాలు నడిపిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళని కూర్చోబెట్టి ఆ కథ చెప్పించుకోవడానికి ఇప్పటికీ వేళ మించిపోలేదు.