గిండి కళాశాలను చూచివచ్చితిమి

చెన్నపట్టణమునకు పోయిన మనవారు కపాలీశ్వరుని కోవెలయు, పార్థసారథిస్వామి ఆలయమును, సముద్రతీరమును, పట్టుచీరల అంగళ్లును చూచి వచ్చుట వాడుక. మేమును వానిని చూచితిమి. కాని యీ ప్రయాణమున నా మనస్సులో నిలిచిపోయినది గిండిలోని ఇంజనీరింగు కళాశాల. దానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మా అత్తగారి కంటికి శుక్లము తీయించుటకై వేసవి సెలవులలో మేమందరము చెన్నపట్టణము పోయితిమి. మాతో మా ఆడపడుచును, ఆమె రెండేండ్ల కూతురును వచ్చిరి. ఆడపడుచు పాలిటెక్నిక్కులో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించిన పిల్ల. పెండ్లియైన రెండేండ్లకే భర్తను పోగొట్టుకొని, చంటిబిడ్డతో మా యింటికి చేరినది. ఈసెట్ పరీక్ష వ్రాసినది. మా జిల్లాలోని కళాశాలలోనే ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరెదనని ఆమె కోరిక. “పసిదానిని విడిచి ఇప్పుడు చదువేమిటి?” అని అత్తగారనిరి. దాచనేల, ఆ మాటకు వంత పాడినదానను నేనే. మా వారు బడిపంతులు. ఇద్దరితోను వాదింపక ఊరకుండిరి.

శస్త్రచికిత్స సుఖముగా జరిగినది. మరల వైద్యునకు చూపించులోపల కొన్ని దినములు తీరిక దొరకినది. అప్పుడు మా వారు, “మన తెలుగుపిల్ల యొకతె చదివిన చోటు చూపెదను రండి” అని, మమ్ము మెట్రో రైలులో గిండికి తీసికొనిపోయిరి. అచ్చట దిగి ఆటో యెక్కితిమి. త్రోవలో జింకలుండు గిండి వనము పచ్చగా కనబడినది. కళాశాల ఆవరణము చేరగానే ఎఱ్ఱయిటుకల కట్టడమును, దానిపై గడియారపు గోపురమును చూచి, “ఇది రాజుగారి కోటయా?” అని అత్తగారడిగిరి. నల్లకద్దములు పెట్టుకొనియుండుటచే ఎక్కువ నడువలేక, ఆమె మనుమరాలిని ఒడిలో పెట్టుకొని చెట్టునీడను కూర్చుండిరి. మేము ముగ్గురము లోనికి నడచితిమి.

ఈ విద్యాలయము 1794వ సంవత్సరమున ఎనిమిదిమంది విద్యార్థులతో భూమి కొలుచు విద్య నేర్పు బడిగా పుట్టినది. 1920లో గిండికి తరలినది. 1978 నుండి అన్నా విశ్వవిద్యాలయములో నొక భాగమైనది. నాగార్జునసాగరపు ఆనకట్టతో పేరు పెనవైచుకొన్న కానూరి లక్ష్మణరావుగారు ఇక్కడ చదివినవారే. పాడిరైతుల సంఘములను కూర్చి అమూల్ పాలను దేశమంతట ప్రసిద్ధిచేసిన వర్గీస్ కురియన్ గారును ఇక్కడివారే.

ఇంతకును మా వారు చెప్పిన తెలుగుపిల్ల అయ్యలసోమయాజుల లలితగారు. ఆమె 1919లో జన్మించెను. పదునైదవ యేట వివాహము. పదునెనిమిదవ యేట, బిడ్డకు నాలుగు నెలల ప్రాయముననే వైధవ్యము. ఆ కాలమున అట్టి బాలికకు ఇంటి మూలయే గతి. కాని ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు ఈ కళాశాలలోనే విద్యుచ్ఛాఖకు ఆచార్యులు. వైద్యమైనచో అర్ధరాత్రమున బిడ్డను విడిచి రోగుల కడకు పోవలసివచ్చునని, ఆమె ఇంజనీరు చదువును కోరుకొనెను. అప్పటివరకును ఇచ్చట ఆడుపిల్ల చదివి యెరుగదు. తండ్రి అడుగగా ప్రిన్సిపాలు చాకోగారు పైవారి అనుమతి తెప్పించిరి. 1940లో లలితగారు చేరిరి. పిమ్మట పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి అను మరి యిద్దరును చేరిరి. లలితగారి పట్టపత్రములో అచ్చుపడిన “అతడు” అను ఇంగ్లీషు మాటను కొట్టివేసి “ఆమె” అని చేతితో దిద్దవలసివచ్చినదట! అచ్చువేసినవారికి స్త్రీ యీ పట్టమందునను తలంపే లేదు.

తరువాత లలితగారు జమాల్పూరు రైల్వే కర్మాగారమున పనిని అభ్యసించి, సిమ్లాలో కొంతకాలము ఉద్యోగముచేసి, 1948 నుండి కలకత్తాలోని యొక విద్యుద్యంత్రముల సంస్థలో పనిచేసిరి. భాక్రానంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్పనిలోను ఆమె చేయి యున్నది. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల ప్రథమ అంతర్జాతీయ సభకు పోయివచ్చిరి. 1979లో కాలధర్మము నొందిరి. త్రేసియాగారు 1971లో కేరళ రాష్ట్రమునకు చీఫ్ ఇంజనీరైరి.

ఇవి పాతమాటలు, ఇటీవలి ఘనతయు ఉన్నది. ఈ విశ్వవిద్యాలయమువారు నిర్మించిన “అనుశాట్” అను ఉపగ్రహము 2009 ఏప్రిల్ 20వ తేదీన మన నెల్లూరిసీమ శ్రీహరికోట నుండియే ఆకసమున కెగసినది. భారతదేశమున విశ్వవిద్యాలయము నిర్మించిన మొదటి ఉపగ్రహమదియే. దాని బరువు 40 కిలోలు. మన యిండ్లకు వచ్చు ఇరువదియైదు కిలోల బియ్యపు సంచులు రెండింటికన్న తక్కువ! 2019లో చంద్రయాన్-2 యాత్రను ప్రాజెక్టు డైరెక్టరుగా నడపిన ముత్తయ్య వనితగారు గిండిలో చదివినవారు. ఆ యాత్రలో చంద్రునిపై దిగవలసిన యంత్రము చెడినను, రెండవది చంద్రుని కక్ష్యలో చక్కగా నిలిచినది.

లోపల చెట్లక్రింద ఆడుపిల్లలు పుస్తకములు విప్పుకొని గుంపులుగా కూర్చుండిరి. ఒకతె ఏదో విద్యుత్పథపు పటము గీయుచుండగా మా ఆడపడుచు నిలబడి చూచి, చిన్న తప్పొకటి చూపినది. ఆ పిల్ల నవ్వి జరిగి చోటిచ్చినది. భర్త పోయిన తరువాత మా పిల్ల ముఖమున అంతటి వెలుగును నేను చూడలేదు. నా గుండెలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లయినది.

తిరిగి వచ్చునప్పటికి పసిది నాయనమ్మ లేని లోటెరుగక అమ్మమ్మ ఒడిలో నిద్రించుచున్నది. మా వారు లలితగారి కథయంతయు అత్తగారికి చెప్పిరి. ఆమె చాలసేపు ఊరకుండి, “ఆమె చదువుకొనునప్పుడు, ఉద్యోగము చేయునప్పుడు, ఆ పిల్లను ఎవరు చూచుకొన్నారురా?” అని అడిగిరి. “పుట్టింటివారు తోడైరి. కలకత్తాలో సోదరుని యింటనే ఉండి ఉద్యోగము చేసినది” అని మా వారనిరి.

సోదరుని యిల్లనగా వదినె గల యిల్లే కదా! ఆ మాట నాకే తగిలినది. “అత్తగారూ, పగలంతయు బిడ్డను నేను చూచుకొందును, దానిని కళాశాలకు పంపుదము” అంటిని. “నీవొక్కతెవే ఏల? నాకును కన్ను బాగుపడినది గదా” అని ఆమె యనిరి. ఆడపడుచు ఏమియు పలుకలేదు. కొంగుతో కన్నులద్దుకొని బిడ్డను ఎత్తుకొన్నది.

సోదరీమణులారా! లలితగారి తెలివిని మనము చేతికి తెచ్చుకొనలేము. ఆమె బిడ్డను సాకిన యిల్లు వంటిది మాత్రము మనలో ప్రతివారి చేతిలోను ఉన్నది. మీ యింట చదువు ఆగిపోయిన కూతురో కోడలో ఆడపడుచో ఉన్నయెడల, ఆమెను “బిడ్డ యేమగును?” అని అడుగుటకు ముందు, ఆ ప్రశ్నను మనలను మనమే వేసికొందము.