కాలిపోయిన మోటారు

ఈ సంచికకు ఏదైనా రాయమని ఫిజిక్సు సారు అడిగితే మొదట సౌరశక్తి మీద రాద్దామనుకున్నాను. అటువంటి వ్యాసాలు ప్రతి ఏడూ వస్తూనే ఉంటాయి, చదివేవాళ్ళు పేజీ తిప్పేస్తారు. అందుకని మా ఇంటి మోటారు సంగతి రాస్తున్నాను. ఇందులో నా పరువు కొంత పోతుంది. పోనీండి.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. మూడెకరాల పొలం, ఒక బోరు. 2025 యాసంగిలో వరి పొట్టకొచ్చిన సమయంలో మోటారు కాలిపోయింది. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. బాపు నన్ను బాయికాడికి తీసుకపోయి, "పెద్ద సదువు సదువుతున్నవ్ గద, ఎందుకు కాలిందో జెప్పు" అన్నాడు. ఫారడే నియమం నాకు కంఠతా వచ్చు. పరీక్షలో దానికి మంచి మార్కులే తెచ్చుకున్నాను. స్టార్టరు డబ్బా మూత తీసి చూస్తే మాత్రం నాకు కనబడినవి నాలుగు వైర్లు, రెండు బల్లిగుడ్లు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. వాడప్పుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండో ఏడు. టెస్టు ల్యాంపు పెట్టి చూసి, "బాపూ, ప్రివెంటర్ ఎవరు డైరెక్ట్ జేసిన్రు?" అని అడిగాడు. బాపు మాట్లాడలేదు. రాత్రిపూట మాటిమాటికీ మోటారు ఆగిపోతోందని ఎవరితోనో చెప్పి ఆ రక్షణ తీయించింది ఆయనే. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. మోటారు ఆగకుండా మిగిలిన రెండింటి మీదే ఈడ్చింది, కరెంటు ఎక్కువ లాగింది, వైండింగు మాడింది. ఇదంతా నా పుస్తకంలో ఉన్నదే. చెప్పింది మాత్రం వాడు.

మోటారు పైకి తీసి, చుట్టించి, మళ్ళీ దింపేసరికి నాలుగు రోజులు, ఎనిమిది వేల పైచిలుకు. పక్క చేను పెద్దనాయిన రెండు రాత్రులు నీళ్ళు ఇయ్యకుంటే పంట సగమే చేతికి వచ్చేది.

మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. చుట్టాలు వస్తే నన్ను చూపించి "డిగ్రీ" అంటారు. తమ్ముణ్ణి "వాన్ని ఐ.టి.ఐ.ల ఏసినం" అంటారు, ఎద్దును కొట్టంలో కట్టేసినట్టు. పదిలో మార్కులు తక్కువ వచ్చినందుకు వాడికి పడ్డ శిక్ష అది. దాచడమెందుకు, నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆ నాలుగు రోజుల్లో వాడిని అడిగితే తెలిసింది. ఇరవైమంది పిల్లలకు చుట్టుకోడానికి ఉన్నవి రెండు పాత మోటార్లు. ముందు నిలబడ్డ నలుగురు చేస్తారు, వెనకవాళ్ళు భుజాల మీదుగా చూస్తారు. తీగ అయిపోతే మళ్ళీ వచ్చేదాకా బోర్డు మీద బొమ్మలే. వాడికి చెయ్యి తిరిగింది ఐ.టి.ఐ.లో కాదు, బస్టాండు దగ్గర వైండింగు షాపులో. సాయంత్రాలు జీతం లేకుండా పనిచేసి నేర్చుకున్నాడు.

ఐ.టి.ఐ.ల కథ పాతదే. కేంద్ర ప్రభుత్వం 1950లో ఈ శిక్షణ పథకం మొదలుపెట్టింది. 1956లో రోజువారీ నిర్వహణ, 1969లో ఖర్చుల అజమాయిషీ రాష్ట్రాల చేతికి వచ్చాయి. తరవాత చాలాచోట్ల జరిగింది మా ఊరి చెరువు కథే. తవ్వేటప్పుడు అందరూ ఉంటారు, పూడిక తీసేటప్పుడు ఎవరూ ఉండరు.

ఇప్పుడు మళ్ళీ తవ్వకం మొదలైంది. 2024 జూన్‌లో హైదరాబాదు మల్లేపల్లి ఐ.టి.ఐ.లో శంకుస్థాపన చేసి, రాష్ట్రంలో 65 ఐ.టి.ఐ.లను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామన్నారు. మొత్తం సుమారు 2,324 కోట్లు. అందులో రాష్ట్రం వాటా సుమారు 308 కోట్లు, మిగతాది టాటా టెక్నాలజీస్ వంతు. 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గం దేశం మొత్తం మీద 1,000 ఐ.టి.ఐ.ల కోసం 60,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది. కేంద్రం సగం, రాష్ట్రాలు 20,000 కోట్లు, పరిశ్రమలు 10,000 కోట్లు. ఈ అంకెలు చదివితే నాకు ముందు గుర్తొచ్చింది తీగ అయిపోయిన ఆ వర్క్‌షాపే. మిషన్లు కొనడానికి డబ్బు ఒకసారి వస్తే చాలు. తీగకు, నూనెకు, నేర్పే సారుకు మాత్రం ఏటా రావాలి. దీన్ని బడ్జెట్టులో ఏ పద్దు కింద రాస్తారో గానీ, ముందు కోత పడేది దానికేనేమో అని నా భయం.

నేను ఇట్లా లెక్చరు ఇస్తుంటే తమ్ముడు నవ్వాడు. వాడు అప్పటికే స్నేహితునితో పోయి ఒక కొత్త సెంటరు చూసొచ్చాడు. రోబోటిక్సు, సి.ఎన్.సి., కరెంటు బండ్ల మెకానిజం వంటి కోర్సులు పెట్టారట. రోబో చెయ్యి పెన్ను పట్టుకొని గీతలు గీస్తుంటే చాలాసేపు నిలబడ్డాడట. "అన్నా, దాండ్ల గూడ మోటార్లే ఉన్నయే. మోచేతికి ఒకటి, మణికట్టుకు ఒకటి. సక్కగ ఎక్కడ ఆగాల్నో దానికెట్ల తెలుస్తది?"

ఈసారి నాకు కొంచెం తెలుసు. నోటుబుక్కులో బొమ్మ వేసి, తిరిగే చక్రం, దానిమీద చీలికలు, వెలుతురు పడి ఆగి పడి ఆగి ఎంత తిరిగిందో లెక్కపెట్టే పద్ధతి చెప్పాను. వాడు నా చేతిలో పెన్ను తీసుకొని బొమ్మ పక్కన వైండింగు గీశాడు. రాత్రి పదకొండు దాటింది. బాపు మంచంలోంచే కేకేశాడు, "ఇద్దరు పండుకోర్రి, పొద్దుగాల మోటార్ పెట్టాలె."

తమ్ముడు ట్రేడు పాసయ్యాడు. ఆ సెంటరులో ఏడాది కోర్సుకు దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాడు. రోజూ రానుపోను బస్సు ఖర్చు ఎంతవుతుందో లెక్క వేసి ఇవ్వమని నన్ను అడిగాడు. స్టార్టరు డబ్బాలో కొత్త ప్రివెంటర్ బిగించింది వాడే. రాత్రిళ్ళు అది అప్పుడప్పుడు మోటారును ఆపేస్తూనే ఉంది. బాపు తిట్టుకుంటూ లేచి పోతాడు గానీ, ఎవరినీ పిలిపించి తీయించడం లేదు.

(ద్వితీయ బి.యస్సీ., ఎం.పి.సి.)