సైకిలు బ్రేకూ ఇంటి పనే!

మా అమ్మాయి సైకిలుకి ఉన్నవి వైరు బ్రేకులు కావు, నూనెతో పనిచేసే డిస్క్ బ్రేకులు. హ్యాండిల్ ముందు గొట్టాలు జానెడు అదనంగా వేలాడుతూ ప్రతిదానికీ తగులుకునేవి. "ఇవన్నీ నీకెందుకే, షాపులో ఇచ్చేద్దాం" అన్నారు మావారు. కానీ రోజూ ఫ్లై ఓవర్ దిగి ట్యూషన్‌కి వెళ్ళేది నా కూతురు. దాన్ని ఆపే బ్రేకు సంగతి నాకు తెలియాలనిపించింది. తల్లీ కూతుళ్ళం ఓ ఆదివారం కూర్చున్నాం.

చక్రాలు, బ్రేకు ప్యాడ్లు తీసి దూరంగా పెట్టాం. వాటిమీద నూనె చుక్క పడితే బ్రేకు పట్టదు. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, గొట్టం లాగనంత పొడవు వదిలి గుర్తు పెట్టాను. జాకెట్టు గుడ్డ లాంటిదే ఇదీ, కోశాక అతకదు! పదునైన కట్టరుతో అంచు చితక్కుండా తిన్నగా కోశాను. నట్టు, దాని వెనక ఆలివ్ అనే చిన్న రింగు ఎక్కించి, గొట్టం నోట్లో ఇన్సర్ట్ దిగగొట్టాను. ఆలివ్, ఇన్సర్ట్ ప్రతిసారీ కొత్తవే వాడాలి.

నూనె విషయంలో మాత్రం జాగ్రత్త. షిమానో బ్రేకులకి మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ ద్రవం. ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడవుతాయి. లీవరు మెత్తగా దిగిపోతుంటే లోపల గాలి ఉన్నట్టే, బ్లీడింగ్ చేసి తీసెయ్యాలి.

మీరూ చేస్తే, అన్నీ బిగించాక లీవరు గట్టిగా నొక్కిపట్టి, నట్టు చుట్టూ తెల్ల కాగితం అద్ది చూడండి. తడి అంటకపోతేనే పిల్లల్ని సైకిలు ఎక్కనివ్వండి.