మెట్టు దిగిన మ్యూజియం!

మ్యూజియంలో అడుగుపెట్టగానే కొందరు పిల్లలు కళ్లింతలు చేసుకుని చూస్తారు. ఇంకొందరు రెండు చేతులతో చెవులు మూసుకుంటారు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు జనం రొద, మిరుమిట్లు గొలిపే దీపాలు భరించలేనంతగా తోస్తాయి. బిడ్డ ఏడిస్తే నలుగురూ చూస్తారన్న బెరుకుతో అమ్మానాన్నలు క్రమంగా బయటికెళ్లడమే మానేస్తారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ మాత్రం ఈ పిల్లల కోసం తనే సర్దుకుంటోంది.

సెంట్రల్ పార్కును ఆనుకుని, ఐదో అవెన్యూలో ఉంటుందీ మ్యూజియం. అందరూ పిలిచే పేరు 'మెట్'. ముందువైపు పొడవాటి మెట్లు... ఎక్కితే ఎత్తైన గ్రేట్‌హాల్, సందర్శకుల హోరు. 81వ వీధి దగ్గర మాత్రం మెట్లు ఎక్కక్కర్లేని మరో ద్వారం ఉంది. విద్యాకేంద్రం అటువైపే.

ముందే తెలిస్తే...

కొత్తచోటు కంటే, తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఈ పిల్లల్ని ఎక్కువ కంగారుపెడుతుంది. అందుకే ఎలా లోపలికెళ్లాలి, అక్కడేం ఉంటుంది... అన్నీ ఫొటోలతో, చిన్న చిన్న వాక్యాలతో వివరించే పుస్తకాన్ని మెట్ తయారుచేసింది. ఇంట్లోనే చదివించుకోవచ్చు. జనం తక్కువుండే ప్రశాంతమైన గదులేవో చెప్పే మ్యాపూ ఉంది.

చూసి... చేసి!

ఆటిజం, ఎదుగుదలలో ఇబ్బందులు ఉన్నవారి కోసం మెట్ నిర్వహించే తరగతుల పేరు 'డిస్కవరీస్'. ప్రతిసారీ ఒక అంశం. దానికి సంబంధించిన కళాఖండాలు చూడటం, ఆపై సొంతంగా బొమ్మలు చేయడం. ఇంట్లోవాళ్లూ పక్కనే ఉంటారు.

చూడటానికి అక్కడ ఏం తక్కువ? రెండువేల ఏళ్లనాటి డెండూర్ గుడి నైలు ఒడ్డు నుంచి వచ్చింది. ఆస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా రాళ్లు విప్పి కాపాడారు. ఈజిప్టు 1965లో అమెరికాకు బహూకరించిన ఆ గుడి 1978 నుంచి మెట్‌లో ఉంది. చుట్టూ నీటి కొలను, పక్కనే పెద్ద గాజుగోడ!

ఇక వాద్యాలు... 1720లో క్రిస్టోఫోరీ చేసిన పియానో ఇక్కడుంది. ఇప్పటికి మిగిలిన పియానోల్లో అదే పాతది. మన దేశపు 'మయూరి' కూడా మెట్ సేకరణలో ఉంది. నెమలి ఆకారంలో ఉండే తంత్రీవాద్యమిది. వాటిని ముట్టుకోకూడదు కానీ, చప్పట్లకు అడ్డేముంది? ఆటిజం పిల్లలతో పనిచేసే సంగీత ఉపాధ్యాయులు నేర్పేదీ అదే... ఒకరు దరువేస్తే మరొకరు అందుకోవడం. మాటలు రాని బిడ్డకు అదే తొలి సంభాషణ కావచ్చు.

ఈ తరగతులు ఆటిజానికి మందు కావు. కానీ గీసిన గీతను ఎవరూ తప్పనని చోటు, చెవులు మూసుకున్నా ఎవరూ వింతగా చూడని చోటు దొరకడం చిన్న విషయమా? ఇంటిల్లిపాదీ కలిసి బయటికెళ్లి, తల దించుకోకుండా గడిపి వచ్చే ఒక్క ఆదివారం... ఆ తల్లిదండ్రులు కోరుకునేది అదేగా!